ఊరి పనిలో దిగే కార్యకర్తకు: తొలి ఏడాది చేయాల్సినవి, చేయకూడనివి

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లోకి ఫైలు పట్టుకున్న కొత్త మనిషి వస్తే ముందు వినపడే మాట ఒకటే: "ఏం స్కీము వచ్చింది సారూ?" దానికి మీరు ఏదో ఒక స్కీము పేరు చెప్పారంటే, ఆ రోజు నుంచి మీరు దరఖాస్తులు తీసుకునే మనిషి. మీ వెనక పది మంది తిరుగుతారు, మీ ఫోను మోగుతూనే ఉంటుంది, ఊళ్లో మాత్రం ఏమీ మారదు. "స్కీమేం లేదు. మీ ఊరిని చూద్దామని, మీతో మాట్లాడదామని వచ్చిన" అంటే మొదటి వారం ఎవరూ పట్టించుకోరు. ఆ వారాన్ని ఓపిగ్గా దాటడంతోనే పని మొదలవుతుంది.

సముదాయ అభివృద్ధి కార్యకర్త పని ఏమిటో ముందే తేల్చుకోవాలి. ఊళ్లోవాళ్లు తమ కష్టాన్ని తామే గుర్తుపట్టి, కలిసి నిర్ణయం తీసుకుని, పని చేసి, లెక్క చూసుకునే శక్తి పెంచుకునేదాకా తోడుండటం. కుంట బాగుపడటం, మంచినీళ్లు రావడం, ఆగిన పింఛను అందడం ఇవన్నీ కావాల్సినవే. కానీ అవి మీ చేతుల మీదుగా జరిగితే, మీరు వెళ్లిపోయాక మళ్లీ పాడైనప్పుడు ఊరు మీ కోసం ఎదురుచూస్తుంది.

ఈ తప్పు దేశం ఒకసారి చేసి చూసింది. 1952 అక్టోబరు 2న సముదాయ అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. బ్లాకులు, బ్లాకు అధికారులు, గ్రామసేవకులు వచ్చారు. అయిదేళ్లకు, 1957లో, బల్వంతరాయ్ మెహతా కమిటీ తేల్చిందేమిటంటే: జనం ఎన్నుకున్న సంస్థల చేతికి పనిని, అధికారాన్ని ఇవ్వకుండా ఇది జనం కార్యక్రమం కాలేదని. ఆ సిఫార్సులతోనే 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. రాజస్థాన్‌లోని నాగౌర్ తర్వాత దాన్ని ప్రారంభించిన చోటు మన షాద్‌నగర్. అప్పుడు అది మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది.

అంతకంటే ముందు, 1951 ఏప్రిల్ 18న అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే దళితవాడకు వెళ్లి మీకేం కావాలని అడిగారు. 40 కుటుంబాలవాళ్లు 80 ఎకరాలు కావాలన్నారు: 40 తరి (నీటి పారకమున్నది), 40 ఖుష్కి (మెట్ట). వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానం అక్కడ పుట్టింది. మన పనికి అందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, అడిగితే జనం లెక్కతో సహా చెబుతారు. తరి ఎంతో ఖుష్కి ఎంతో కూడా విడదీసి చెప్పారు. రెండోది చేదుది. తర్వాతి కాలంలో చాలాచోట్ల దానమిచ్చిన భూములు కాగితాల్లో చిక్కుకున్నాయి, కోర్టుల్లో పడ్డాయి. మంచి మనసుతో జరిగిన పనికి కూడా కాగితం, పంపిణీ, కాపలా కావాలి. వాటిని చూసుకునేది ఊరే కావాలి.

మొదటి అడుగు: ఊళ్లోకి ఎలా వెళ్లాలి

వెళ్లేముందు మండల కార్యాలయంలో, పంచాయతీలో దొరికే వివరాలు చూడండి: వార్డులు, శివారు పల్లెలు, తండాలు, కుంటలు, సంఘాలు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి గనుక నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, సూర్యాపేట, యాదాద్రి వైపు పనిచేసేవాళ్లు పాత రికార్డుల కోసం పాత జిల్లా కేంద్రంలోనూ అడగాల్సి రావచ్చు. నారాయణపేటకైతే రెండు విభజనలు. అది 2019లో మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి నారాయణపేట జిల్లా అయింది. 2018లో చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి. పాత పటంలో శివారుగా కనిపించే తండాకు ఇప్పుడు తన సర్పంచి, తన గ్రామసభ ఉండొచ్చు.

సర్పంచికి, పంచాయతీ కార్యదర్శికి చెప్పి వెళ్లడం మర్యాద. కానీ మొదటి రోజు ఎవరి ఇంట్లో కూర్చున్నారో, ఎవరి ఇంట్లో మంచినీళ్లు తాగారో ఊరంతా చూస్తుంది. పెద్ద ఇంటి అరుగు మీద గంట సేపు కూర్చుని, మాదిగవాడలో నిలబడే పది నిమిషాలు మాట్లాడి వస్తే, ఆ తర్వాత మీరు సమానత్వం గురించి ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. మొదటి వారంలోనే ప్రతి వాడలో కూర్చోండి, పెట్టింది తినండి, ఇచ్చిన నీళ్లు తాగండి. హోటల్లో కొందరికి వేరే గ్లాసు పెట్టే ఊరైతే, ఆ హోటల్లో చాయ్ తాగకండి. ఎందుకు తాగలేదని ఎవరైనా అడిగితే నిదానంగా చెప్పండి.

వెళ్లే వేళ కూడా ముఖ్యం. పదకొండు గంటలకు ఊళ్లో దొరికేది ముసలివాళ్లు, చిన్నపిల్లలు, పనిలేనివాళ్లు. కైకిలికి (కూలికి) పోయిన ఆడవాళ్లు పొద్దుగూకే వేళకు వస్తారు. వంట, పిల్లల పని అయ్యేసరికి ఏడున్నర దాటుతుంది. పత్తి ఏరే రోజుల్లో ఇంకా ఆలస్యం. అక్కడికి బస్సు లేదంటే వారంలో రెండు రాత్రులు ఊళ్లోనే ఉండే ఏర్పాటు చేసుకోండి. ఆఫీసు వేళల్లో ఈ పని సాగదు.

రెండో అడుగు: నెల రోజులు చూడటం, వినడం

మొదటి నెల మీటింగు పెట్టకండి. నడవండి. నోటుబుక్కులో ఒక్కో పేజీకి ఒక్కో వాడ పేరు రాసుకోండి. తాళం వేసిన ఇళ్లెన్ని? ఏ వీధి దీపం వెలగదు? నల్లా నీళ్లు ఏ గంటకు వస్తాయి, ఏ వాడకు చివర్లో వస్తాయి? అంగన్‌వాడీకి ఎవరి పిల్లలు రావడం లేదు? రేషన్ దుకాణం ఎన్ని రోజులు తెరుస్తారు? ఎవరు మాట్లాడుతుంటే ఎవరు మౌనమవుతున్నారు? చివరి ప్రశ్నకు జవాబు రాసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఆ పేజీ మాత్రం ఎవరికీ చూపకండి.

తాళం వేసిన ఇళ్లు ఇక్కడ పెద్ద విషయం. పాలమూరు లేబర్ అనే పేరు ఊరికే రాలేదు. ఖరీఫ్ పంట చేతికొచ్చాక కుటుంబాలకు కుటుంబాలు, కూలీలను కుదుర్చుకుని తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె, హైదరాబాద్ దారి పడతాయి. ఊరికి వచ్చేది దసరాకు, పీర్ల పండుగకు, జాతరలకు. ఆ నాలుగు రోజులు మీరు సెలవులో ఉంటే, ఊళ్లో సగం మందిని ఏడాదంతా చూడనట్టే. తాళం ఇంటి పక్కింటివాళ్లను అడిగి ఫోను నంబరు తీసుకోండి, వాళ్లు ఒప్పుకుంటేనే. వాళ్ల పేరు లేకుండా ఏ జాబితా పూర్తయిందని రాయకండి.

తండాలో పద్ధతి వేరు. అక్కడి పెద్దలైన నాయక్‌తో, కార్భారితో మాట్లాడకుండా ముందుకు పోలేరు. వాళ్లతోనే ఆగిపోతే ఆడవాళ్ల మాట వినలేరు. లంబాడీ భాష తెలిసిన అమ్మాయి ఒకరు తోడుంటే మాటలు పూర్తిగా మారిపోతాయి. నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచుల పెంటల్లో (అడవి గూడేల్లో) అయితే సభ, తీర్మానం అనే ఆలోచననే పక్కన పెట్టండి. నలుగురైదుగురితో, పొయ్యి దగ్గర, పలుమార్లు. తేనె, జిగురు సేకరించే కాలంలో మనుషులు పెంటలో ఉండరు. మన్ననూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ నుంచి ఏం రావాలో, ఏం వచ్చిందో అడగడానికి కూడా ముందు స్నేహం కావాలి.

మూడో అడుగు: ముగ్గుతో ఊరి పటం

ఇది సరదాగా కనిపించే పని. కానీ సరిగ్గా చేస్తే సంవత్సరం పనికి ఇదే పునాది.

కావాల్సినవి: ముగ్గుపిండి అయిదు కిలోలు, మూడు నాలుగు రంగులు అర కిలో చొప్పున, అర కిలో చింతగింజలు, చిన్న రాళ్లు, ఆకులు, అగ్గిపెట్టెలు, రెండు పెద్ద చార్టులు, స్కెచ్‌పెన్నులు. ఊడ్చి నీళ్లు చల్లిన ఖాళీ జాగా, కనీసం ఇరవై అడుగుల చదరం. పాతిక, ముప్పై మందితో రెండున్నర గంటలు పడుతుంది. ఆడవాళ్లతో వేరుగా, మగవాళ్లతో వేరుగా చేయించండి. రెండు పటాలు పక్కపక్కన పెట్టినప్పుడు తేడాలు కనిపిస్తాయి: మగవాళ్ల పటంలో బెల్టుషాపు ఉండదు, ఆడవాళ్లు దాన్నే ముందు వేస్తారు.

ముందు బొడ్రాయి వేయించండి. అక్కడి నుంచి దారులు, వాడలు, ఇళ్లు, బోర్లు, నల్లాలు, కుంటలు, బడి, గుడి, మసీదు, శ్మశానాలు. తర్వాత ఇంటింటికీ గుర్తులు: వలస పోయిన ఇంటి మీద రాయి, ఒంటరి మహిళ ఇంటి మీద ఆకు, వికలాంగులున్న ఇంటి మీద చింతగింజ.

ఎక్కడ చెడుతుందంటే: పది నిమిషాల్లో ఒక చదువుకున్న కుర్రాడు ముగ్గు డబ్బా లాక్కుని అంతా తానే గీసేస్తాడు. అతనిపై కోపం వద్దు. చార్టు మీద నకలు దించే పని అతనికి అప్పజెప్పండి, డబ్బా మళ్లీ నేల మీద కూర్చున్నవాళ్ల చేతికి వస్తుంది. ఇంకోటి, పటం ఊరి మధ్యలో మొదలై దళితవాడ దగ్గరికి వచ్చేసరికి జాగా అయిపోతుంది. "స్థలం లేదు సార్, అక్కడో గుండ్రం పెడదాం" అంటారు. ఒప్పుకోకండి. నేల ఇంకా ఊడ్పించండి, ముగ్గు ఇంకా తెప్పించండి, ఆ వాడలోనూ ప్రతి ఇల్లూ వేయాల్సిందే.

పటం చుట్టూ వచ్చే మాటలు రాసుకునే మనిషి వేరుగా ఉండాలి. ఓ మూల కూర్చున్న అవ్వ "గీడ ఊటబాయి ఉండె బిడ్డా, దాన్ని పూడ్సిండ్రు. గా నీళ్లు తాగినన్నొద్దులు మోకాళ్లు నొయ్యలే" అంటుంది. ఆ ఒక్క మాటలో నీటి చరిత్ర, భూమి ఆక్రమణ, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ మూడూ ఉన్నాయి. అవ్వ చేతికే ముగ్గు ఇచ్చి ఆ బావి గుర్తు పెట్టించండి.

పటం చెరిపే ముందు ఫొటో తీసి, చార్టు మీద దించి, ఆ చార్టును ఊళ్లోనే ఉంచండి. అసలు ప్రతిని ఆఫీసుకు పట్టుకుపోయే అలవాటు చాలా సంస్థల్లో ఉంది. ఊరి సమాచారం ఊరిది. మీకు నకలు చాలు.

నాలుగో అడుగు: ఏ పని ముందు

పటం మీద నుంచి ఆరేడు సమస్యలు తేలతాయి. ఆరేడు కుండలు పెట్టి, ఒక్కో దాని మీద సమస్య బొమ్మ అతికించి, మనిషికి అయిదు చింతగింజలు ఇవ్వండి. కుండల మూతి మీద గుడ్డ కప్పాలి. కప్పకపోతే పెద్దమనిషి గింజలు వేసిన కుండలోనే అందరూ వేస్తారు. ఆడవాళ్ల గింజలు, మగవాళ్ల గింజలు, ఒక్కో వాడ గింజలు వేరు రంగుల్లో ఉంటే లెక్క పెట్టేటప్పుడు ఎవరి కష్టం ఏమిటో తెలుస్తుంది.

ఎక్కువ గింజలు పడ్డదే మొదట చేయాలని లేదు. మొదటి పనికి మూడు లక్షణాలు చూడండి: మూడు నాలుగు నెలల్లో ఫలితం కనిపించేది, ఊళ్లో సగం ఇళ్లకైనా తగిలేది, ఊరి చేతి పని ఎంతో కొంత ఉండేది. వీధి దీపాలు, అంగన్‌వాడీకి నీళ్లు, కుంటకు నీళ్లు తెచ్చే పాటు కాలువ పూడిక తీయడం, నీటి పరీక్ష ఇలాంటివి మొదటి పనికి బాగుంటాయి. భూమి తగాదాలు, ఆక్రమణలు న్యాయమైనవే, కానీ ఇంకా కలిసి నిలబడని జనాన్ని వాటిలోకి దింపితే దెబ్బ తగిలేది బలహీనులకే.

"చేయిస్తా" అనే మాట ఎప్పుడూ వాడకండి. "అడుగుదాం", "చూద్దాం, ఎవరెవరు వస్తారు?" అనండి.

నీటి పరీక్ష: చిన్న పని, పెద్ద పాఠం

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మిషన్ భగీరథ నల్లాలతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి. కానీ చేను కాడ కైకిలి చేసేవాళ్లు రోజంతా తాగేది ఆ చేను బోరు నీళ్లే. ఎండాకాలం ఎక్కువ తాగేది కూడా అక్కడే. అందుకే పరీక్షను ఇంటి నల్లాతో ఆపకుండా, కైకిలికి పోయే చేలలో బోర్లకు చేయించండి.

లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోవాలి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా పనికిరాదు. బోరు అయిదు నిమిషాలు పోయనిచ్చి, అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి, బిగించి, మీద బోరు యజమాని వాడ, సర్వే నంబరు, తేదీ రాయాలి. నమూనా పట్టడం, రాయడం ఊరి ఆడపిల్లలతో, యువకులతో చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా హద్దు. ఆ పైన ఉన్న బోరు మీద ఎర్ర రంగు, లోపున్న దాని మీద ఆకుపచ్చ రంగు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదని, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుందని ఆ రోజే చెప్పాలి.

ఇక్కడ కార్యకర్తలందరూ గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసింది. దానికి పేరే నల్లగొండ పద్ధతి. ప్రపంచమంతా ఆ పేరుతోనే తెలుసు. నీళ్లలో లెక్క ప్రకారం పటిక, అందులో ఇరవయ్యో వంతు దాకా సున్నం కలిపి, కాసేపు గిలకొట్టి, మెల్లగా తిప్పి, గంట తేరనిచ్చి పైనీళ్లు తీసుకోవాలి. శాస్త్రం సరైనదే. కానీ పటిక మోతాదు నీళ్లను బట్టి మారుతుంది, రోజూ కలపాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఈ రోజువారీ పని ఎవరిది, పటిక డబ్బు ఎవరిది, మడ్డి ఎక్కడ అని తేలకుండా పెట్టిన ఏ సాధనమైనా మూలన పడుతుంది. మీరు ఊళ్లో ఏది పెట్టించినా, బిగించే రోజుకు ముందే ఈ మూడు ప్రశ్నలకు మనుషుల పేర్లతో జవాబు రాయించండి.

అయిదో అడుగు: మీటింగు

జాగా: గుడి ముందు పెడితే కొందరు రారు, పటేలు వాకిట్లో పెడితే కొందరు నోరు విప్పరు. బడి వరండా, పంచాయతీ ముందు వేపచెట్టు, అంగన్‌వాడీ బాగుంటాయి. వాడవాడకూ మార్చి పెడితే ఇంకా మంచిది. కుర్చీలు వద్దు. అందరికీ కింద పరిచిన ఒకే పట్టా (టార్పాలిన్). సర్పంచి, మీరు కూడా దాని మీదే.

చాటింపు: డప్పు కొట్టే పనిని ఒక కులం మీద వెట్టిగా రుద్దే ఊళ్లు ఇంకా ఉన్నాయి. డప్పుతో చెప్పించాలనుకుంటే, ఆ మనిషి ఇష్టం అడిగి, కూలి ముందే ఇవ్వండి. లేకపోతే పంచాయతీ మైకు ఉంది, ఫోన్లు ఉన్నాయి.

ఒక మీటింగుకు ఒకటి, మహా అయితే రెండు విషయాలు. గంటన్నర దాటకండి. ముందు చిన్న గుంపులుగా మాట్లాడించి తర్వాత పెద్ద గుంపులోకి తెస్తే ఆడవాళ్ల మాట, కూలీల మాట బయటికొస్తుంది. మౌనం వస్తే తొందరపడి మీరు నింపకండి; ఇరవై సెకన్లు ఆగితే ఎవరో ఒకరు మాట్లాడతారు.

తీర్మానం ఊరి మాటల్లో రాయించండి. రాసింది పైకి చదివి, "ఇదేనా మనం అనుకున్నది?" అని అడిగాకే సంతకాలు, వేలిముద్రలు. ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు తీసుకునే పద్ధతి ఎంత తొందరలోనూ వద్దు. ఆ ఒక్క పనితో మీరు చెప్పిన పారదర్శకత అంతా గంగలో కలుస్తుంది.

ఈ మీటింగులు గ్రామసభకు బదులు కాదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం కనీసం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. మీ మీటింగులో తేలిన విషయం అక్కడికి వెళ్లి తీర్మానమైతేనే దానికి బలం. గ్రామసభలో లేచి మాట్లాడబోయే ఇద్దరు ముగ్గురితో ముందు రోజు సాయంత్రం మాట్లాడించి చూడండి. మొదటిసారి మైకు ముందు నిలబడే మనిషికి గొంతు వణుకుతుంది. పక్కన తోడుగా మరొకరు నిలబడితే చాలు. కాగితాలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు ఊళ్లోవాళ్లతోనే రాయించండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. జవాబుకు 30 రోజులు.

కొత్త సంఘం పెట్టాలనే ఉబలాటం అణచుకోండి. పొదుపు సంఘాలు, గ్రామ సమాఖ్య ఇప్పటికే ఉన్నాయి. ఆ ఆడవాళ్ల భుజాల మీద ఇప్పటికే నెలకు నాలుగైదు మీటింగులు. ఉన్నదానితో పని జరుగుతుందేమో ముందు చూడండి.

ఆరో అడుగు: కుంట పని, ఉదాహరణగా

కుంట పూడిక తీయాలని ఊరు అనుకుందనుకోండి. లెక్కకు ముందు ఒక ప్రశ్న: ఈ కుంట ఎవరిది? ఆయకట్టు రైతులదే అనిపిస్తుంది. కూర్చోబెట్టి అడగండి. ముదిరాజులకు, బెస్తలకు చేపలు. గొల్లకురుమలకు గొర్ల నీళ్లు. చాకలివాళ్లకు రేవు. కుమ్మరికి మట్టి. బతుకమ్మ రోజు ఊరి ఆడవాళ్లందరికీ. ఎగువ బోర్లవాళ్లకు ఊట. భూమి లేనివాళ్లకు ఏముంది? పని జరిగే రోజుల్లో కూలి తప్ప ఏమీ లేకపోతే, కుంట బాగైతే లాభపడేది భూమి ఉన్నవాళ్లే. అందుకని మట్టి పంపకం, చేపల వాటా, కట్ట మీద గడ్డి, ఇవన్నీ పని మొదలుకాకముందే మాట్లాడి రాసుకోవాలి. తర్వాత మాట్లాడదామంటే ఆ రోజు రాదు.

ముందు పాటు కాలువ చూడండి. కుంటలో ఎంత తవ్వినా నీళ్లు తెచ్చే కాలువ పూడితే లాభం లేదు. 400 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు పూడిందంటే 200 ఘనమీటర్ల మట్టి. గట్టిపడ్డ నేలలో మనిషి రోజుకు ఘనమీటరు తీస్తాడనుకుంటే 200 పనిదినాలు: 40 మంది అయిదు రోజులు. రోహిణి ఎండలో పొద్దున ఆరు నుంచి పది దాకే పని. మృగశిర కార్తె వచ్చేలోపు, అంటే జూన్ మొదటి వారం దాటేలోపు అయిపోవాలి. తర్వాత విత్తనాల మీద పడిన రైతు తట్ట పట్టడు.

పూడిక మట్టి చేలకు తోలేటప్పుడు: ఎకరానికి 50 ట్రాక్టర్ ట్రిప్పులు, ట్రిప్పుకు రెండున్నర ఘనమీటర్లు అనుకుంటే 125 ఘనమీటర్లు, చేనంతా పరిస్తే మూడు సెంటీమీటర్ల పొర. చెలక భూమికి ఇది బాగా పనికొస్తుంది. నల్ల ఒండ్రు అయిపోయి మొరం కనపడగానే ఆపేయాలి. అది దాటి తవ్వితే నీళ్లు కిందికి ఇంకిపోయి కుంట నిలవదు, మొరం అమ్ముకునేవాళ్లు మాత్రం బాగుపడతారు. కట్ట మొదట్లో తవ్వనివ్వొద్దు. ఎంత దూరం వదలాలో ఇంజినీరుతో సున్నం గీత వేయించుకుని ఆ గీత మీద రాళ్లు పాతండి. మొదటి ట్రిప్పులు ఎవరి చేలోకి వెళ్తాయో చీటీ వేసి తేల్చండి. కట్ట దగ్గర పెద్ద రైతుల చేలు ఉంటాయి, చివరన, దారి సరిగా లేని చోట దళితుల అసైన్డ్ భూములు ఉంటాయి. దూరం ఎక్కువని వాళ్ల ట్రిప్పులు ఎగ్గొట్టకుండా డీజిల్ ఖర్చును ఊరంతా కలిసి పంచుకోవాలి.

డబ్బు

డబ్బు ఒక్క రూపాయి కూడా మీ జేబులో, మీ ఫోను పే ఖాతాలో ఉండకూడదు. బ్యాంకు ఖాతాకు ముగ్గురు, అందులో ఇద్దరి సంతకాలు తప్పనిసరి, ఆ ముగ్గురిలో కనీసం ఒకరు మహిళ, వేర్వేరు వాడల వాళ్లు. చందా అందరికీ సమానంగా వేయకండి. నీటి కింద ఉన్న ఎకరాలను బట్టి డబ్బు, భూమి లేనివాళ్లకు మినహాయింపు.

పంచాయతీ గోడ మీద నల్ల రంగు వేయించి నాలుగు గళ్లు గీయించండి: తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది. ప్రతి శనివారం మార్చాలి. చాయ్ ఖర్చు కూడా రాయాలి. ఉపాధి హామీలో, 2006లో పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ మొదటి విడతలోనే ఉన్నాయి గనుక, జనం ముందు లెక్కలు సరిచూసే సామాజిక తనిఖీ అంటే ఇక్కడి జనానికి తెలుసు. మీ పనికీ ఆ తనిఖీ పెట్టించుకోండి. ముందు అడగకముందే పుస్తకం తెరిచి పెడితే, తర్వాత మీరు పంచాయతీ పుస్తకం అడిగినప్పుడు దానికి విలువ ఉంటుంది.

చేయి పెట్టకూడని చోట్లు

మీ మీద నమ్మకం పెరిగాక తగాదాలు తీర్చమని వస్తారు. గట్టు తగాదా, నీటి వంతు లాంటివి మాట్లాడించొచ్చు. భార్యను కొట్టిన కేసు, కులం పేరుతో చేసిన దాడి, పిల్లల పెళ్లి, ఆడపిల్ల మీద అఘాయిత్యం, వీటిలో పెద్దమనుషుల పంచాయితీకి మీరు కూర్చోకూడదు, కూర్చోబెట్టకూడదు. పిల్లల విషయమైతే 1098, మహిళల విషయమైతే 181, ప్రమాదమైతే 112. అడ్వాన్సు తీరలేదని గుంపు మేస్త్రీ ఎవరినైనా కదలనివ్వకపోతే అది 1976 చట్టం కింద వెట్టిచాకిరీ. కలెక్టరుకు, ఆర్డీవోకు రాతపూర్వకంగా ఇవ్వాలి. బాధితులు చెప్పిన మాట మరో ఇంట్లో చెప్పడమంటే వాళ్లను మళ్లీ కొట్టించడమే.

ఎన్నికల వేళ ఏ పార్టీ కండువా వేసుకోకండి, ఏ అభ్యర్థి బండి ఎక్కకండి. కావాలంటే ఆ నెల కొత్త పనులు ఆపి లెక్కలు సరిచేసుకోండి.

చివరి అడుగు: తప్పుకోవడం

తప్పుకోవడం మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి. ఆరో నెల నుంచి మీటింగు నడిపే మనిషిని మార్చుతూ రండి. ఎనిమిదో నెలలో ఒక మీటింగుకు కావాలనే వెళ్లకండి, పదో నెలలో వరుసగా రెండింటికి. జరిగిందా, ఎంతమంది వచ్చారు, పుస్తకం రాశారా అని తర్వాత చూడండి. జరగకపోతే ఎవరినీ తిట్టకండి. ఏ పని మీ చేతిలోనే ఉండిపోయిందో వెతకండి. తరచుగా అది చిన్న విషయమే: అందరికీ ఫోను చేసి గుర్తుచేసేది మీరొక్కరే అయి ఉంటారు.

అప్పగించే రోజు పంచాయతీలో ఒక ఇనుప పెట్టె ఉండాలి. అందులో ముగ్గు పటం చార్టు, తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు, రసీదులు, నీటి పరీక్ష కాగితాలు, సమాచార హక్కు కింద వచ్చిన జవాబులు, కుంట మట్టి, చేపల వాటా ఒప్పందం, వలస పోయినవాళ్ల నంబర్లు. పెట్టెకు రెండు తాళాలు; ఒక తాళంచెవి గ్రామ సమాఖ్య దగ్గర, రెండోది దళితవాడ నుంచి ఎన్నుకున్న మనిషి దగ్గర. మీ దగ్గర తాళంచెవి ఉండకూడదు. పెట్టె మూత లోపల సుద్దముక్కతో వచ్చే మీటింగు తేదీ, ఏ వాడలో జరుగుతుందో, పట్టా ఎవరు తేవాలో రాయించండి.